ఆటగాడి నడవడి – అభిమాని తీర్పు

కాకతీయుల రాజధానిగా, కవులకూ పోరాటాలకూ పుట్టినిల్లుగా ఓరుగల్లును తెలుగువారు స్మరిస్తారు. ఫుట్‌బాల్ అనగానే ఆ నగరం ఎవరికీ జ్ఞప్తికి రాదు. అయినప్పటికీ ఆ ఆటను ప్రేమించేవారు అక్కడ లేకపోలేదు. జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వసతిగృహాలకు కేరళ, బెంగాల్ విద్యార్థులు తమ తమ జట్ల మీది అభిమానాన్ని వెంటబెట్టుకొని వస్తారు. హనుమకొండ వీథులలో పెరిగిన యువకులు దూరదర్శిని తెర మీద విదేశీ జట్ల ఆట చూసి రాత్రులు మేల్కొంటారు. 2019లో హైదరాబాద్ నగరానికి స్వంత క్లబ్బు ఏర్పడినప్పుడు, ఇతరుల జట్లను పొగుడుతూ వచ్చిన వీరికి తమదని చెప్పుకొనే జట్టు ఒకటి లభించింది. గచ్చిబౌలి మైదానం అక్కడికి 150 కిలోమీటర్లకు పైబడిన దూరం. అభిమానానికి దూరం ఒక లెక్క కాదు.

అటువంటి అభిమానుల మధ్య 2023వ సంవత్సరపు చలికాలంలో ఒక తీవ్రమైన వాదం చెలరేగింది. ఏడాదిన్నర క్రితం దేశ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. జట్టును ఆటగాళ్లు ఒకరి తరువాత ఒకరు విడిచిపోతున్నారు. జీతాలు సక్రమంగా అందడం లేదన్నది వారి ఫిర్యాదు. కష్టకాలంలో జట్టును విడిచిన వారు ద్రోహులా, లేక తమ శ్రమకు విలువ కోరిన న్యాయార్థులా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ముందుగా ఈ నేల మీద ఆ ఆటకున్న చరిత్రను కొంత తెలుసుకోవాలి.

భారత ఫుట్‌బాల్ చరిత్రలో హైదరాబాదుకు ఉన్న స్థానం సామాన్యమైనది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయాలు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొంది. 1950లో డ్యూరాండ్ కప్పు అంతిమ పోటీలో మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించింది. ఈ విజయాల వెనుక ఉన్న మహావ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తి చేత ఉపాధ్యాయుడు. బడిలో పాఠం చెప్పినంత ఓర్పుతో మైదానంలో ఆట నేర్పేవాడు. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నియమంతో ఆయన పిల్లలకు పోటీలు నిర్వహించేవాడు. బంతిని తన వద్దనే ఉంచుకొని ప్రేక్షకుల మెప్పు కోసం విన్యాసాలు చేయడం ఆయనకు నచ్చేది కాదు. బంతి తోటి ఆటగాడికి చేరాలి, జట్టు ముందుకు సాగాలి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానం పొందినప్పుడు దానికి శిక్షకుడు రహీం గారే. బలరాం, అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్ వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో నిరుపేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాంకు సాధనకు వచ్చిపోవడానికి సైకిలు అద్దె డబ్బులు సైతం ఉండేవి కావు. ఆ ఖర్చును రహీం గారే భరించారని బలరాం తరువాతి కాలంలో కృతజ్ఞతతో చెప్పుకొనేవారు.

ఆటగాడి నడవడికి గీటురాయిగా పాత తరం అభిమానులు 1962 జకార్తా ఆసియా క్రీడలను ఉదాహరిస్తారు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని భారత ప్రతినిధి ఒకరు విమర్శించినందున స్థానికులు భారతీయులపై ఆగ్రహంతో ఉన్నారు. అంతిమ పోటీ నాడు కిక్కిరిసిన ప్రేక్షకులు మన జట్టును ఎగతాళి చేస్తూ కేకలు వేశారు. ఆ జనసముద్రంలో మనవారికి అండగా నిలిచినది పాకిస్తాన్ హాకీ జట్టు కావడం గమనింపదగిన విషయం. తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్ తన అలవాటైన రక్షణ స్థానాన్ని విడిచి ముందు వరుసలో ఆడి గోల్ సాధించాడు. పి.కె. బెనర్జీ మరొక గోల్ చేశాడు. దక్షిణ కొరియాపై 2–1 తేడాతో భారత్ స్వర్ణం గెలిచింది. ఆనాటికే వ్యాధిగ్రస్తుడైన రహీం మరుసటి ఏడాది జూన్ 11న క్యాన్సరుతో కన్నుమూశాడు. ఆయన జీవితం ఆధారంగా నిర్మించిన ‘మైదాన్’ అనే హిందీ చిత్రం 2024లో విడుదలయ్యే వరకు నేటి విద్యార్థులలో అనేకులు ఆ పేరే వినలేదు.

ఈ గాథను చెప్పి, నేటి ఆటగాళ్లకు ఆ నిబద్ధత ఏదని నిలదీసేవారు ఒక సంగతి మరచిపోతారు. పోలీసు జట్టు ఆటగాడు ప్రభుత్వోద్యోగి. గెలిచినా ఓడినా నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చేది. కాబట్టి ఆకలి ముందు అతని విధేయతకు పరీక్ష జరగలేదు. పైగా ఆ స్వర్ణయుగంలో కూడా ఆటగాళ్లు వెళ్లిపోకుండా ఉండలేదు. బలరాం 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. ఆ తరువాతి దశాబ్దంలో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే బాట పట్టారు. హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు మహాజట్లకూ ఆడాడు. ఆ మూడు జట్ల అభిమానులూ పరస్పరం కత్తులు నూరుకొనేవారే. కానీ హబీబ్ ఒళ్లు దాచుకొని ఆడాడని ఏ పక్షం వారూ అనలేదు. అతనిని బెంగాలీలు ‘బడే మియా’ అని గౌరవంగా పిలుచుకొన్నారు. జట్టు మారడం దోషం కాదనీ, జట్టులో ఉన్నంతసేపు ఎలా ఆడాడన్నదే అసలు ప్రశ్న అనీ ఈ ఒక్క జీవితం వల్ల తేటతెల్లమవుతున్నది.

మైదానంలో ఆటగాడు కోపాన్ని అదుపులో ఉంచుకోవడం కూడా నడవడిలో భాగమే. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లు తలపడినప్పుడు ఇద్దరు ఆటగాళ్ల మధ్య పుట్టిన ఘర్షణ గ్యాలరీలకు పాకింది. తొక్కిసలాటలో 16 మంది అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఆ దినాన కలకత్తాలో రక్తదానం చేసి వారిని స్మరించుకొనే ఆచారం ఏర్పడింది.

ఇక హైదరాబాద్ ఎఫ్.సి. విషయానికి వస్తే, దాని ప్రస్థానం నాటకీయమైనది. 2019–20లో తొలి ప్రయత్నంలోనే జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది; 18 ఆటలలో గెలిచినవి రెండు. తరువాత స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చాడు. పేరు పొందిన వారి కోసం వెంపర్లాడక పిన్న వయస్కులను నమ్ముకొన్నాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన అంతిమ పోటీ 1–1తో సమమైంది. పెనాల్టీ షూటవుట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను అడ్డుకొన్నాడు. కప్పు హైదరాబాదు వశమైంది. అయితే కరోనా మహమ్మారి కారణంగా ఆ రెండు సీజన్ల ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. తమ జట్టు విజేతగా ఎదిగిన ఆ కాలంలో దానిని గచ్చిబౌలిలో చూసే భాగ్యం అభిమానులకు లేకపోయింది. మరుసటి ఏడాది స్వస్థలంలో ఆడి ద్వితీయ స్థానం పొందిన జట్టును చూసి ఆ కొరత తీర్చుకొన్నారు.

ఆ ఆనందం నిలువలేదు. 2023–24 సీజన్‌లో జీతాల బకాయిలు పెరిగాయి. పాత బాకీలు తీర్చనందుకు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోరాదని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిషేధించింది. విదేశీ ఆటగాళ్లలో దాదాపు అందరూ, స్వదేశీయులలో ప్రముఖులూ నిష్క్రమించారు. మిగిలిన కుర్రవాళ్లతో 22 ఆటలాడి ఒకే ఒక్క విజయంతో, ఎనిమిది పాయింట్లతో జట్టు చివరి స్థానంలో నిలిచింది.

అభిమానుల వాదం ఇక్కడే రెండు పాయలుగా చీలింది. విజయంలో పాలు పంచుకొన్నవాడు కష్టంలో కూడా తోడుండాలి, లేకుంటే జెర్సీ మీది చిహ్నాన్ని ముద్దుపెట్టుకోవడం వట్టి నటన కాదా అని ఒక పక్షం ప్రశ్నించింది. ఆటగాడి కాలంలో సత్తువ ఉండేది పది పన్నెండేళ్లే, అందులో ఒక ఏడాదిని ఉచితంగా ధారపోయమనే హక్కు మనకెక్కడిది అని రెండవ పక్షం బదులు చెప్పింది. చట్టం దృష్టిలో ఈ వివాదానికి స్పష్టమైన సమాధానం ఉంది. 2018లో ఫిఫా చేర్చిన నిబంధన ప్రకారం, క్లబ్బు రెండు నెలల జీతం చెల్లించని పక్షంలో ఆటగాడు లిఖితపూర్వకంగా తెలియజేసి, బకాయి తీర్చడానికి కనీసం 15 రోజుల గడువివ్వాలి. అప్పటికీ చెల్లింపు జరగకపోతే ఒప్పందాన్ని న్యాయసమ్మతంగా రద్దు చేసుకోవచ్చు. అనగా ముందుగా మాట తప్పినది క్లబ్బే అవుతుంది.

వరంగల్లు వారికి ఈ సంగతి చట్టం చదవకుండానే బోధపడగలదు. 1934లో స్థాపితమైన ఆజంజాహి మిల్లు ఎన్నో తరాల కుటుంబాలకు అన్నం పెట్టి, ఈ శతాబ్దారంభంలో మూతబడింది. ఆ మిల్లు మీది మమకారం నేటికీ నగరంలో చావలేదు. అయినా వేరే పని వెదుక్కొన్న కార్మికుడిని ద్రోహి అన్నవారు లేరు. ఆటగాడు కోట్లు గడిస్తాడన్న భ్రమ వల్లనే అతని విషయంలో తీర్పు మారుతున్నది. నిజానికి అటువంటి జట్టులో ఆటగాళ్లతో పాటు బట్టలు, బూట్లు చూసుకొనేవారు, కండరాల నొప్పులకు వైద్యం చేసేవారు, గడ్డి కత్తిరించేవారు ఉంటారు. వారిలో ఎవరు వెళ్లిపోయినా ఏ అభిమానీ వాదించడు! మిగిలిపోయిన కుర్రవాళ్లను త్యాగమూర్తులని కొనియాడడంలో కూడా కొంత తొందరపాటు ఉంది. వారిలో కొందరికి జట్టు మీది ప్రేమ ఉండవచ్చు. కొందరికి మరొక దారి లేకపోయి ఉండవచ్చు. అయితే ఓటమి ఖాయమని తెలిసిన ఆటలో సైతం తొంబది నిమిషాలు పరుగెత్తారన్నది మాత్రం అందరూ చూసిన సత్యం.

జట్టు భవిష్యత్తును గురించిన వాదం మరింత దుఃఖకరమైన మలుపు తిరిగింది. 2024లో యాజమాన్యం మారడంతో ఆశలు చిగురించాయి. కానీ 2024–25లో పదమూడు జట్లలో పన్నెండవ స్థానమే దక్కింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అభిమాన సంఘమైన దక్కన్ లీజియన్ వారికి చప్పట్లు కొట్టడానికి జట్టు మిగలలేదు. మా జట్టును ఎత్తుకుపోయారని కొందరు వాపోయారు. అది ధర్మాగ్రహమే. అయితే 2019లో హైదరాబాదుకు ఆ స్థానం దక్కినది పుణె సిటీ క్లబ్బు మూతబడినందువల్లనే. నాడు పుణె అభిమానుల కంటనీరు హైదరాబాదులో ఎందరికి కనిపించింది?

ఇంగ్లండులో ఇటువంటి సందర్భమే మరొక రీతిగా పరిణమించింది. లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి లభించగానే, అభిమానులు చందాలు పోగుచేసి స్వంతంగా ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే జట్టును నెలకొల్పారు. తొమ్మిదవ అంచె పోటీల నుండి మొదలుపెట్టి 2011 నాటికి ఆ జట్టు ఫుట్‌బాల్ లీగ్‌కు చేరుకొంది. శతాబ్దానికి పైబడిన క్లబ్బు, ఒకే పేటలో నివసించే వేలాది కుటుంబాలు దానికి ఆధారం. ఆరేళ్ల వయసున్న క్లబ్బుకు, జిల్లాలలో చెల్లాచెదురుగా ఉన్న అభిమానులకు అది ఎంతవరకు సాధ్యమన్నది వేరే విషయం.

కొందరు ఇక శ్రీనిధి దక్కన్ జట్టును ఆదరించాలన్నారు. 2021లో విశాఖపట్నం నుండి హైదరాబాదుకు వచ్చిన ఆ జట్టు 2022–23, 2023–24 ఐ-లీగ్ పోటీలలో ద్వితీయ స్థానం పొందింది. మరికొందరు ఒకసారి మనసిచ్చిన చోటు నుండి మళ్లలేమన్నారు. హైదరాబాద్ ఎఫ్.సి. రంగు పసుపు. 2022లో విజయోత్సాహంతో కొన్న పసుపు చొక్కాలు నేటికీ అభిమానుల ఇండ్లలో ఉన్నాయి. వాటి మీది పేరుతో పోటీలాడే జట్టు ఇప్పుడు లేదు. ఆ చొక్కా తొడుక్కొని ఏ మైదానానికి వెళ్లాలన్నదే వారి మధ్య తెగని వాదం.