తాడు లాగితే ఎవరొస్తారు?

చెప్పేదాకా ఆగకుండా పని అందుకునేవాళ్లు కావాలని కంపెనీలన్నీ అడుగుతున్నాయి. చొరవ పుట్టుకతో రావాలి, నాకది లేదు అని చాలామంది విద్యార్థులు ముందే తేల్చేసుకుంటారు. ఈ మాట నేను ఒప్పుకోను.

ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తాను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఏం జరిగినా లైన్ ఆగకూడదన్నది అక్కడి పద్ధతి. లోపం కళ్లకు కనిపిస్తున్నా కారు ముందుకు వెళ్లిపోవాల్సిందే. పనివాళ్లకు దేనిమీదా పట్టింపు లేకుండా పోయింది, ఎగ్గొట్టేవాళ్లు పెరిగారు. 1982లో అది మూతపడింది. 1984లో టయోటాతో కలిసి నుమ్మీ పేరుతో మళ్లీ తెరిచినప్పుడు తీసుకున్నది ఎక్కువగా ఆ పాతవాళ్లనే. అయినా గైర్హాజరు బాగా తగ్గింది, మంచి నాణ్యత గల కార్లు బయటికొచ్చాయి.

ఏం మారింది? లైన్ పక్కన చేతికందే ఎత్తులో ఒక తాడు కట్టారు. తేడా కనిపిస్తే ఎవరైనా లాగే వీలుండేది. వెంటనే ట్యూన్ మోగేది, బోర్డు మీద దీపం వెలిగేది, టీమ్ లీడర్ వచ్చి తనూ ఓ చెయ్యి వేసేవాడు. అప్పటికీ కుదరకపోతే లైన్ ఆగేది. తాడు లాగినందుకు ఎవరూ కసురుకునేవాళ్లు కాదు. నా దృష్టిలో అసలు మార్పు తాడు కాదు, ఆ వచ్చే మనిషి.

మనస్తత్వవేత్త షారన్ పార్కర్, ఆమె సహచరులు 2010లో చొరవకు మూడు మూలాలు చూపించారు: చేయగలనన్న నమ్మకం, ఎందుకు చేయాలో తెలియడం, చేయాలన్న ఉత్సాహం. జీతం, బోనస్ ముఖ్యమే. కానీ నోరు విప్పినప్పుడల్లా "నీకెందుకు?" అన్న మాటే ఎదురైతే ఎంత బోనస్ ఇచ్చినా మనిషి ముడుచుకుపోతాడు.

అందుకే ఇంటర్వ్యూ చివర "ఏమైనా అడుగుతారా?" అన్నప్పుడు మొహమాటపడకండి. "ఈమధ్య మీ టీమ్‌లో కొత్తవాళ్లు చెప్పిన మార్పు ఏదైనా అమలైందా?" అని అడగండి. ఒక్క ఉదాహరణైనా చెప్పలేకపోతే, ఆ టీమ్ గురించి మరో ఇద్దరిని వాకబు చేయండి.

చేరాక మీరు తయారుచేసే రిపోర్టు ఎవరి టేబుల్‌కు వెళ్తుందో కనుక్కుని, వాళ్ల దగ్గర పది నిమిషాలు కూర్చోండి. దేన్ని వాళ్లు మళ్లీ చేత్తో సరిదిద్దుకుంటున్నారో కనబడుతుంది. మీ తొలి ప్రతిపాదన అక్కడే దొరుకుతుంది.