వరి పువ్వు: దానిని నిర్మించు జన్యు కుటుంబములు

వరి పంటయొక్క ఫలమంతయు వెన్నునందలి చిన్న పువ్వులపై నాధారపడి యున్నది. ఒక్కొక్క పువ్వు ఒక్కొక్క గింజ యగును. పువ్వు చెడినచో తాలు మిగులును. ఎరువు, నీరు, కూలి యన్నియు సమకూర్చిన పిదపను తాలు మెండుగా వచ్చిన పొలములను మనమందరము చూచియే యున్నాము. కావున పువ్వు ఎట్లు నిర్మింపబడునో, ఎప్పుడు నిర్మింపబడునో రైతు తెలిసికొనుట యావశ్యకము.

1. పువ్వుయొక్క భాగములు

ఉమ్మెత్త మొదలగు పువ్వులందు వెలుపల రక్షకపత్రములు, వాని లోపల ఆకర్షణపత్రములు, పిమ్మట కేసరములు, నడుమ అండాశయము వరుసగా నుండును. వరి పువ్వునకు రంగురేకులు లేవు. దానికి బయట రెండు గట్టి రేకులు గలవు. ధాన్యము దంచునపుడు ఊకగా వచ్చునవి యివియే. వాని మొదట మిక్కిలి చిన్నవైన రెండు మెత్తని పొలుసులు గలవు. ఇవి యితర పుష్పముల ఆకర్షణపత్రములకు సమానములు. వీనికి లోపల ఆరు కేసరములును, నడుమ అండాశయమును, దానిపై ఈకలవంటి రెండు కీలాగ్రములును ఉండును.

ఉదయము సుమారు 9 గంటలు మొదలు మధ్యాహ్నమువరకు ఈ పొలుసులు నీరు పీల్చి యుబ్బి, ఊకరేకులను విడదీయును. కేసరములు పైకి వచ్చి సుంకు రాలును. సుమారు గంట సేపటిలో పువ్వు మరల మూసికొనును. సుంకు చాలవరకు తన పువ్వునందే పడుటచే, వరియందు పరపరాగ సంపర్కము సాధారణముగా నూటికి ఒకటికంటె తక్కువ.

2. జన్యువుల పని

జీవకణములందు వంశలక్షణములను మోయునవి జన్యువులు. పువ్వును నిర్మించు వానిలో ముఖ్యమైనది ‘మాడ్స్’ అను కుటుంబము. ఈ పేరు నాలుగు జన్యువుల పేర్ల మొదటి యక్షరములచే కూర్పబడినది. ఆ నాలుగింటిలో ఒకటి పిండిని పులియజేయు ఈస్టునందును, రెండు పూలమొక్కలందును, ఒకటి మనుష్యునియందును కనుగొనబడినవి. వరియందు ఈ కుటుంబమునకు చెందిన జన్యువులు సుమారు 75 గలవు. మేస్త్రి కూలీలకు పని పంచునట్లు, ఇవి యితర జన్యువులు ఎచ్చట, ఎప్పుడు పనిచేయవలయునో నిర్ణయించును.

1991 సంవత్సరమున కోయెన్, మెయరోవిట్జ్ అను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని వివరించిరి. జన్యువులు మూడు తరగతులు. మొదటి తరగతి ఒక్కటియే పనిచేసిన చోట రక్షకపత్రములు, మొదటిదియు రెండవదియు కలిసిన చోట ఆకర్షణపత్రములు, రెండవదియు మూడవదియు కలిసిన చోట కేసరములు, మూడవది ఒక్కటియే యున్నచోట అండాశయము ఏర్పడును.

వరియందు ఈ సూత్రము చాలవరకు చెల్లునుగాని కొంత భేదము గలదు. జపాను శాస్త్రజ్ఞులు ‘సూపర్‌వుమన్’ అని పేరిడిన జన్యువు రెండవ తరగతిలోనిది. అది చెడినచో కేసరములు అండాశయములుగా మారును. పొలుసులు ఊకరేకులవలె నగును. మొక్కజొన్నయందు ‘సిల్కీ’ అను జన్యువు దీనికి జోడు. అది చెడినను ఇట్టి మార్పులే కలుగును. గడ్డిజాతి పైరులన్నియు ఒక వంశమువని దీనివలన తెలియుచున్నది.

‘యాబీ’ యను వేరొక కుటుంబమునకు చెందిన ‘డ్రూపింగ్ లీఫ్’ అను జన్యువు వరియందు అండాశయమును నిర్మించును. అది చెడినచో అండాశయమునకు మారుగా కేసరములు పుట్టును. ఆకునకు నడిమి ఈనె ఏర్పడక ఆకు వ్రేలాడును. ఊకరేకులను తీర్చునది మాడ్స్ కుటుంబములోని యొకటవ సంఖ్యగల జన్యువు. దీనిని గూర్చి బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థవారు పరిశోధనలు చేసియున్నారు.

3. సేద్యమునకు ఉపయోగము

ఈ నిర్మాణమంతయు మనకు కానరాకుండ జరుగును. వెన్ను బయటికి వచ్చుటకు సుమారు 30 దినములకు పూర్వమే అది కాండములో అంకురించును. 120 దినముల పంటయందు విత్తిన సుమారు రెండు నెలలకు ఈ పని యారంభమగును. కావున వెన్ను కనబడిన పిదప చేయు శుశ్రూష, పువ్వుల సంఖ్యను పెంపజాలదు. ఈ క్రింది విషయములను గమనింపవలెను.

(అ) చిరుపొట్ట మొదలు పూత ముగియువరకు పొలమును బెట్టకు రానీయరాదు. చిరుపొట్టకు వేయవలసిన నత్రజని యెరువును కాలము దాటనీయరాదు.

(ఆ) పూత సమయమున 35 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన వేడి గంటకు పైగా నున్నచో తాలు హెచ్చును. కావున దాళ్వాయందు పూత ముదురు ఎండలలో పడకుండునట్లు నారు పోయు కాలమును నిర్ణయించుకొనవలెను.

(ఇ) పూత దినములలో ఉదయమున మందులు చల్లరాదు. అవసరమైనచో సాయంకాలమున చల్లవలెను.

(ఈ) 1986లో బాపట్లనుండి విడుదలయైన సాంబ మసూరి వంటి శుద్ధ రకములు తమ సుంకుతోనే గింజ కట్టును. కేళీలను పూతకు ముందే పెరికివేసినచో, వాని విత్తనమును రైతు నిలువ చేసికొనవచ్చును. సంకర వరి యట్లు కాదు. సుంకు పనిచేయని తల్లిమొక్కకు వేరొక రకపు సుంకు తగిలించి దాని విత్తనమును తయారు చేయుదురు. ఆ పంటనుండి తీసిన గింజలను విత్తినచో పైరు పలు తీరులుగా వచ్చి దిగుబడి తగ్గును. కావున సంకర విత్తనమును ప్రతి పంటకును క్రొత్తగా కొనక తప్పదు.

సంఘ సభ్యులు కొందరు కలిసి ఒక మంచి మడిని విత్తనమునకై కేటాయించి, పూత వేళ దినదినము పరీక్షించుచు వచ్చినచో, విత్తనపు ఖర్చు తగ్గుటయేగాక పువ్వుయొక్క నడవడి కూడ వారికి బాగుగ తెలియగలదు.