బయోటిన్ బిళ్ల, బ్లడ్ టెస్ట్

జుట్టు రాలుతోందంటే చాలు, హాస్టల్‌లో ఎవరో ఒకరు బయోటిన్ బిళ్ల చేతిలో పెడతారు. ఇది బి7 విటమిన్. రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు. గుడ్లు, పల్లీల్లాంటి మామూలు తిండిలోనే వచ్చేస్తుంది. చాలా బిళ్లల్లో మాత్రం 10,000 ఉంటాయి! లోపం లేనివాళ్లకి దానివల్ల జుట్టు, గోళ్లు గట్టిపడతాయనడానికి సరైన ఆధారం లేదు.

ఎక్కువైంది మూత్రంలో పోతుందిగా, నష్టమేంటి అనుకున్నా నేనూ. నష్టం ల్యాబ్‌లో ఉంది. కొన్ని రక్తపరీక్షల్లో బయోటిన్‌నే జిగురులా వాడతారు. మన రక్తంలోనూ అదే నిండి ఉంటే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. గుండెపోటుని పట్టించే ట్రోపోనిన్ కూడా అంతే. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

జుట్టు రాలడానికి థైరాయిడ్ కూడా ఒక కారణం. అంటే ఏ టెస్ట్ అవసరమో దాన్నే బిళ్ల చెడగొడుతోంది! రక్తం ఇచ్చేముందు డాక్టరుకి చెప్పండి, ఎన్నాళ్లు ఆపాలో వాళ్లే చెప్తారు.