మధుమేహమునకు చీనావారి వ్యాయామము: ఎనిమిది పట్టు తునకలు

మధుమేహమను మాట వినని బాలబాలికలు నేడు మన యిండ్లలో అరుదు. తాతగారి కంచము ప్రక్కన మాత్రల డబ్బా, నాయనమ్మగారి కొరకు ఫ్రిజ్జులో దాచిన ఇన్సులిన్ సీసా మనకు నిత్యము కనబడునవే. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము, మన దేశమున ఈ వ్యాధి గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. చీనాదేశపు నెమ్మది వ్యాయామములచే రక్తములోని చక్కెర తగ్గునని ఎక్కడనో విని, "అయితే మాత్రలు మానవచ్చునా?" అని అడుగు పెద్దలు మనలో కలరు. మానరాదు. అయినను ఆ వ్యాయామము వ్యర్థమును కాదు. ఈ రెండు మాటలును ఎట్లు పొసగునో విచారింతము.

చీనావారికి ఈ వ్యాధి క్రొత్తది కాదు. వారి ప్రాచీన వైద్యగ్రంథమగు 'హువాంగ్ ది నెయ్‌జింగ్' నందు 'షియావ్ కె' అను వ్యాధి వర్ణింపబడినది. మనిషిని కృశింపజేయు దాహమని దాని యర్థము. తీపి పదార్థములను, కొవ్విన భోజనమును మితిమీరి తినువారికి అది వచ్చునని ఆ గ్రంథము చెప్పుచున్నది. క్రీ.శ. 610లో సూయి రాజుల ఆస్థాన వైద్యుడు ఛావో యువాన్‌ఫాంగ్ రచించిన గ్రంథములో ఈ రోగికి నడక విధింపబడినది: భోజనమునకు ముందు 120 అడుగులు, శక్తిగలవారు 1000 అడుగులు నడవవలెనట. ఇది చదివినపుడు మాకు మన సుశ్రుతుడు జ్ఞప్తికి వచ్చినాడు. ప్రమేహరోగి బీదవాడైనచో చెప్పులును గొడుగును లేక, భిక్షాన్నము తినుచు, ఒక్కొక్క గ్రామమున ఒక్కరాత్రి మాత్రమే యుండి, మునివలె నూరు యోజనములు నడవవలెనని ఆయన శాసించెను. రెండు దేశముల వైద్యులును రోగిని కదలుమనియే చెప్పిరి. (చెప్పులు లేక నడచుట మాత్రము నేటి వైద్యులు ఒప్పుకొనరు. కారణము ముందు తెలియును.)

చీనాలో వ్యాయామమునకు ప్రాచీనత యెంతయో ఒక సమాధి తెలిపినది. హునాన్ రాష్ట్రమున చాంగ్షా నగరము చెంత మావాంగ్‌దుయ్ అనుచోట క్రీ.పూ. 168లో మూయబడిన సమాధిని 1973లో త్రవ్వగా, పట్టుగుడ్డపై వ్రాసిన చిత్రమొకటి దొరకినది. అందు 44 మంది స్త్రీపురుషులు చేతులు చాచియు, నడుము వంచియు వ్యాయామము చేయుచున్నారు. ఈ సంప్రదాయపు శాఖయే 'బా దువాన్ జిన్'. 'ఎనిమిది జరీపట్టు తునకలు' అని దాని యర్థము. పండ్రెండవ శతాబ్దపు సోంగు రాజుల కాలపు రచనలలో ఈ పేరు కనబడుచున్నది. 2003లో చీనా క్రీడాశాఖవారు దీనికి ఒక ప్రామాణిక రూపమును ప్రకటించిరి.

ఎనిమిదింటిని నిలుచుండియే చేయుదురు. మొదట రెండరచేతులను పైకెత్తి ఆకాశమును మోయుచున్నట్లు నిలుతురు. తరువాత గుఱ్ఱమెక్కినవానివలె కాళ్లు ఎడముగా వంచి, డేగను కొట్టబోవు విలుకానివలె ఇరుప్రక్కలకును విల్లు లాగుదురు. మూడవదానిలో ఒక చేయి పైకి, ఒక చేయి క్రిందికి నొక్కుదురు. ఇది జీర్ణకోశమునకు మంచిదని వారి నమ్మకము. నాలుగవది మెడ త్రిప్పి వెనుకకు చూచుట. అయిదవది నడుము వంచి తలను, మొండెమును ఊచుట. ఆరవది వంగి పాదములు పట్టుకొనుట. ఏడవది పిడికిలి బిగించి కన్నులు తీక్ష్ణముగా తెరచి గుద్దుట. కడపటిదానిలో మునివ్రేళ్లపై లేచి మడమలు నేలను తాకునట్లు ఏడుమారులు దింపుదురు. అన్నియు కలిసి పావుగంట లోపుననే ముగియును. చేయువారి ఊపిరి కదలికతో కలిసి సాగవలెను, మనస్సు కదలికయందే నిలువవలెను.

ఇందువలన చక్కెర ఏల తగ్గవలెను? చక్కెరను రక్తమునుండి కండరములోనికి పంపుటకు సామాన్యముగా ఇన్సులిన్ ఆజ్ఞ కావలెను. రెండవ రకము మధుమేహమున కండరములు ఆ ఆజ్ఞను సరిగా వినవు. కాని పని చేయుచున్న కండరమున చక్కెరను మోయు వాహకములు ఇన్సులిన్ పిలుపు లేకయే కణపు టంచునకు వచ్చును. తరువాత ఒకటి రెండు దినముల వరకును ఆ కండరము ఇన్సులిన్ మాటను మునుపటికంటె బాగుగా వినును. అందుచేతనే వ్యాయామమును వరుసగా రెండు దినములకు మించి మానకూడదని వైద్యులు చెప్పుదురు. మొండెము వంచక మోకాళ్లు వంచి నిలుచు విలుకాని భంగిమలో శరీరమునందలి పెద్ద కండరములైన తొడలు పని చేయును. చూచుటకు సులభము, ఒక నిముషము నిలిచి చూచినవారికి దాని బరువు తెలియును.

ఇక ఫలితములు. చీనాలో జరిగిన అనేక ప్రయోగములను కలిపి చూచిన సమీక్షలలో, ఈ వ్యాయామము చేసినవారికి పరగడుపు చక్కెరయు, మూడు నెలల సగటు తెలుపు రక్తపరీక్షయు కొంత తగ్గినట్లు కనబడినది. కాని వానిలో పెక్కు చిన్నవి, కొద్ది నెలలు మాత్రమే సాగినవి. ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. పెక్కింట రోగులు మందులు మానలేదు! మందులు వాడుచునే వ్యాయామము చేసినవారిని, మందులు మాత్రము వాడినవారితో పోల్చిరి. కనుక మాత్రలకు బదులు ఇది చాలునని ఆ ప్రయోగములు చెప్పుటలేదు. 2008లో ప్రకటింపబడిన ఆస్ట్రేలియా ప్రయోగమున 38 మంది వృద్ధరోగులలో కొందరిచేత 16 వారములు తాయ్ చీ చేయించి, తక్కినవారిచేత ఉత్తుత్తి వ్యాయామము చేయించిరి. చక్కెరలో భేదము కనబడలేదు. మరీ మెల్లని కదలిక చాలదేమో యని ఆ పరిశోధకులే తలచిరి.

చీనాలోనే దాచింగ్ నగరమున 1986లో మొదలైన ప్రయోగము వేరొక విధమైనది. ఇంకను రోగము రాక, దాని యంచున నున్న 577 మందిని ఆరేండ్లు పరిశీలించిరి. ఏ ఉపదేశమును ప్రత్యేకముగా పొందనివారిలో నూటికి 67.7 మందికి మధుమేహము వచ్చెను. నడక, సైకిలు మొదలగు మామూలు వ్యాయామము పెంచుకొన్నవారిలో 41.1 మందికి వచ్చెను. కాబట్టి వేగముగా నడువగలవారు నడకను విడిచి పట్టుతునకలను పట్టుకొనుట మాకు సమ్మతము కాదు. మోకాళ్ల నొప్పిచే నడువలేనివారికిని, ఎండవానలలో గడప దాటలేనివారికిని, ఇదివరకు ఏ వ్యాయామమును చేయనివారికిని ఇది మంచి ఆరంభము. వృద్ధులు పడిపోవుటను తాయ్ చీ తగ్గించునని మాత్రము బాగుగా ఋజువైనది. మధుమేహముచే కాళ్ల స్పర్శ తగ్గినవారికి అది చిన్న మేలు కాదు.

తాతగారిచేత చేయింపదలచిన విద్యార్థులు ముందు వారి వైద్యుని అడుగవలెను. ఇన్సులిన్ గాని, చక్కెరను బలముగా దించు మాత్రలు గాని వాడువారికి వ్యాయామసమయమున చెమట, వణకు, కన్నుల చీకట్లు కలిగినచో చక్కెర మరీ పడిపోయినదని యెంచి వెంటనే పంచదార నీరు త్రాగింపవలెను. అది చేతి కందునంత దూరముననే యుండవలెను. మొదటి రకము మధుమేహమున శరీరము ఇన్సులిన్‌ను దాదాపుగా తయారుచేయజాలదు. వారికి ఒక్క సూదియైనను మానుట ప్రాణాపాయము. కంటిలో రక్తనాళములు చెడినవారు తల క్రిందికి వంచు అయిదవ, ఆరవ తునకలను విడువవలెను. స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు గనుక సరియైన చెప్పులో బూట్లో తొడిగియే చేయవలెను. ఎనిమిదవదానిలో వారు గోడను పట్టుకొని, మడమలను దభాలున వదలక మెల్లగా దింపవలెను. ముగిసిన పిదప మనుమలే పాదములను వెలుతురులో పరీక్షించి చూడవచ్చును.