క్వెట్జల్ పక్షి - ఈకల వర్తకము

సరకు వెల తెలిసినంత మాత్రమున వర్తకునకు చాలదు; అది ఎట్లు చేతికి వచ్చినదో కూడ తెలిసియుండవలెను. ఇందుకు మధ్య అమెరికా కొండలలో నివసించు క్వెట్జల్ పక్షి చరిత్ర మంచి ఉదాహరణము.

దక్షిణ మెక్సికో మొదలు పశ్చిమ పనామా వరకు గల పర్వతములమీద, సుమారు 1,200 మొదలు 3,000 మీటర్ల ఎత్తున, మేఘములు తరచుగా చెట్లను తాకుచుండు తడి అడవులు కలవు. అవియే దీని నివాసము. పక్షి దేహము పావురముకంటె కొంచెము పెద్దది. బరువు సుమారు 200 గ్రాములు. మగపక్షి తల, వీపు మెరయు ఆకుపచ్చ, పొట్ట ఎరుపు. తోకపైనుండి రెండు ఈకలు దేహముకంటెను పొడవుగా, 65 సెంటీమీటర్ల వరకు వ్రేలాడును. ఆడపక్షికి ఇంత పొడవు ఈకలు లేవు.

వింత యేమనగా, ఆ ఈకలో ఆకుపచ్చ రంగు పదార్థ మేదియు లేదు. ఈకలోని అతిసూక్ష్మమైన పొరల కూర్పుపై వెలుతురు పడుటచేత ఆ రంగు కనబడును. చూచు కోణము మారినచో అదియే నీలముగను, బంగారు ఛాయగను తోచును.

దీని ముఖ్యాహారము అడవి అవకాడో పండ్లు. మన దాల్చినచెక్క చెట్టును ఆ కుటుంబమునకే చెందినది. పక్షి పండును మొత్తముగా మ్రింగి, గుజ్జు జీర్ణమైన పిదప గింజను వెలికి కక్కును. ఆ గింజలనుండి క్రొత్త చెట్లు మొలచును. ఇట్లు చెట్టు పక్షిని పోషించును. పక్షి చెట్టును నాటును. పుచ్చిన మ్రానిని తొలిచి గూడు చేసికొని, సాధారణముగ రెండు లేతనీలపు గ్రుడ్లు పెట్టును. ఆడమగ రెండును వంతులవారీగా వానిని పొదుగును.

ఈ పక్షికి మన దేశమునను జ్ఞాతులు కలవు. పడమటి కనుమల అడవులలో నుండు మలబారు ట్రోగన్ అట్టిది. దాని మగపక్షి పొట్టయు ఎరుపే.

ఇక వర్తకపు సంగతి. 1521లో స్పెయిన్‌వారికి లొంగిపోవుటకు పూర్వము, అజ్టెక్ రాజ్యమున ఈ ఈకలు మిక్కిలి విలువగల సరకు. సొకొనుస్కో సీమనుండి అవి కప్పముగా వచ్చెడివి. దూరదేశములు తిరుగు పోచ్‌తెకా వర్తకులు వానిని తెచ్చి అమ్మెడివారు. పక్షిని పట్టువారు పొడవు ఈకలను తీసికొని, దానిని ప్రాణముతో విడిచెడివారు. చంపుట మహానేరముగా నుండెనని 16వ శతాబ్దపు స్పానిష్ వ్రాతలు తెలుపుచున్నవి. ఈకలు మరల పెరుగును గనుక సరకు తరుగలేదు.

ఇది పక్షికి బాధలేని పని యని చెప్పరాదు. మన దిగంబర మునులు ధరించు పింఛిక నెమలి తానుగా రాల్చిన ఈకలతో కూర్చబడును. ఆ నియమము ఇంతకంటె సూక్ష్మమైనది. అయినను అసలును ముట్టక వడ్డీని మాత్రమే తీసికొను నేర్పు ఆనాటివారి కుండెను.

19వ శతాబ్దమున ఐరోపా ప్రదర్శనశాలల కొరకును, అలంకారముల కొరకును పక్షినే కాల్చి, చర్మముతోసహా ఎగుమతి చేయసాగిరి. ఆ వర్తకమున వడ్డీతోపాటు అసలును పోయెను. గ్వాటెమాలా దేశమువారు 1871లో ఈ పక్షిని రాజముద్రలో నిలిపిరి; 1925 నుండి వారి నాణెమునకు దీని పేరే. ఇప్పుడు అంతర్జాతీయ ఒడంబడికచే దీని వాణిజ్యము నిషిద్ధము.

అయినను అపాయము తొలగలేదు. పశువుల మేతకును, పంటలకును కొండయడవులను నరకుటయే నేటి ప్రధానమైన ముప్పు. తుపాకి యెత్తనివాడును, పక్షిని కంట జూడనివాడును ఈ హింసలో భాగస్వామి కావచ్చును. గూటికి పుచ్చిన మ్రాను, ఆహారమునకు పండ్ల చెట్టు లేనిచోట చట్టము పక్షిని బ్రదికింపజాలదు.

కావున కొనునప్పుడును అమ్మునప్పుడును మనము లెక్కలో చేర్చవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ సరకు రాలిన ఈకయా, పీకిన ఈకయా, లేక పక్షి ప్రాణమా? చిట్టాలో మూడింటికిని లాభము ఒకేరీతిగా కనబడవచ్చును. భేదమును చూడవలసినది వర్తకుడే.