కొయ్యగిన్నెకు నునుపు రావాలంటే...

పొలం పనులు తగ్గాక లేత్ మిషన్ మీద గిన్నెలు, భరిణెలు చేసి నాలుగు డబ్బులు చూసుకునే రైతుకు తరచూ ఒకటే బెంగ. సరుకు తీసుకెళ్తే షావుకారు సగం ఏరి పక్కన పడేస్తాడు. కర్ర అదే, లక్క అదే, మరి తేడా ఎక్కడ? చాలామంది పైపూతను తప్పుపడతారు. కానీ గీత పడిన చోట లక్క పెడితే ఆ గీత మరింత బాగా కనబడుతుంది. కాబట్టి లక్క దాకా రాకముందే పని చూసుకోవాలి.

ఈ విద్యకు మన దగ్గర పెద్దబడి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాళ్లు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలకూ పేరు తెచ్చింది ఈ చెట్టే.

ముందు ఆరబెట్టండి

పచ్చి కర్రతో పూర్తిగా చెక్కేసిన గిన్నె ఆరేకొద్దీ వంకరపోతుంది, నెర్రెలిస్తుంది. కొమ్మ నడిమి దవ్వ అడుగున ఉండిపోతే పగులు అక్కడే మొదలవుతుంది. దుంగ లావుగా ఉంటే నిలువునా చీల్చి, దవ్వ లేని ముక్కనే తీసుకోండి. కోసిన చివర్లకు మైనం పూసి నీడలో పెట్టాలి, ఎండలో పెట్టొద్దు. తొందరైతే గిన్నెను ముందు మందంగా చెక్కి పెట్టుకోండి. 5 అంగుళాల గిన్నెకు గోడ అర అంగుళం ఉంచితే చాలు. దాన్ని వారానికోసారి తూకం వేయండి. తూకం తగ్గడం ఆగాక తుదిరూపు ఇవ్వండి.

రూపం సంగతి

అడుగు వెడల్పు మూతిలో సుమారు మూడోవంతు ఉంటే గిన్నె చూపుకు తేలిగ్గా ఉంటుంది, నిలకడగానూ ఉంటుంది. బయటి వంపు మూతి నుంచి అడుగు దాకా ఎక్కడా విరగకుండా సాగాలి. లోపలి వంపు దాన్నే అనుసరించాలి. చాలా గిన్నెలు ఇక్కడే దెబ్బతింటాయి: పైన గోడ పల్చగా, అడుగున దిమ్మెలా మిగులుతుంది. మిషన్ ఆపి, కళ్లు మూసుకుని, బొటనవేలు లోపల, మిగతా వేళ్లు బయట పెట్టి కిందికి జార్చండి. కంటికి దొరకని ఎగుడుదిగుడు వేలికి దొరుకుతుంది.

ఉలి ఎటు నడవాలి?

అసలు కీలకం ఇదే. నార మూతి నుంచి అడుగుకు నిలువుగా ఉంటే, లోపల నడిమి నుంచి అంచుకు, బయట లావు నుంచి సన్నానికి ఉలిని నడపాలి. నార అడ్డంగా ఉన్న పెద్ద గిన్నెకు ఇది తిరగబడుతుంది. బయట అడుగు నుంచి మూతికి, లోపల మూతి నుంచి అడుగుకు నడపాలి. ఎదురు నడిపితే నార పీక్కుపోయి గుంటలు పడతాయి. అప్పుడు ఉప్పుకాగితం ఎంత రుద్దినా లాభం లేదు, చేయి నొప్పే మిగులుతుంది. చివరి వరుస చెక్కేముందు ఉలికి మళ్లీ పదును పెట్టి, పల్చగా తీయండి.

ఉప్పుకాగితం 120, 180, 240, 320 వరుసలోనే వాడాలి. మధ్యలో ఒకటి మానేస్తే ముందటి గీతలు పోవు. 240 తర్వాత తడిగుడ్డతో తుడిస్తే నార లేస్తుంది. ఆరాక 320తో తేలిగ్గా రుద్దండి. కండువా విప్పేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

తర్వాత లక్క. తిరిగే గిన్నెకు లక్క కణికను ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. దానిపై మొగలి ఆకు నొక్కితే సమంగా పరుచుకుని మెరుస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ రంగులపై కృషికి ఏటికొప్పాకకు చెందిన సి.వి.రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. లక్క వేడికి మెత్తబడుతుంది గనుక తినుబండారాల గిన్నెకు బయటే పెట్టండి. లోపల వంటకు వాడే అవిసె గింజల నూనె పల్చగా పట్టించి, కొన్ని వారాలు ఆరనివ్వండి. పెయింట్ల దుకాణంలో దొరికే ఉడికించిన రకం తిండి గిన్నెలకు వద్దు. నూనె గుడ్డలు ముద్దచేసి మూల పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు, పరిచి ఆరేయండి.

గట్టు మీద అంకుడు ఉంటే వేళ్లతో పెకలించవద్దు. మోకాలెత్తున కొడితే మోడు మళ్లీ చిగురిస్తుంది.