ఆఫీసులో మనసు నిలవట్లేదా? గీత 6వ అధ్యాయం చూద్దాం

మనసును ఆపడం గాలిని ఆపినంత కష్టమని 34వ శ్లోకంలో అర్జునుడు అంటాడు. కృష్ణుడు కాదనడు. 35వ శ్లోకంలో రెండు ఉపాయాలు చెప్తాడు: అభ్యాసం, వైరాగ్యం.

అభ్యాసాన్ని నేను ఆఫీసులో ఇలా పాటిస్తాను: 45 నిమిషాలు ఒక్కటే పని, ఫోన్ బ్యాగులో. మనసు పారిపోతే తిట్టుకోను, మళ్లీ పనిలోకి తెస్తాను. 26వ శ్లోకం చెప్పేదీ అదే.

వైరాగ్యమంటే ఉద్యోగం మానేయడం కాదు. ప్రతి మెసేజ్‌కీ వెంటనే జవాబివ్వాలనే ఆరాటం వదలడం. మా టీమ్‌లో ఉదయం 10 నుంచి 12 వరకు మీటింగులు పెట్టుకోం, అర్జెంటైతే ఫోన్ చేసుకుంటాం. ఒకరి ఏకాగ్రతను ఇంకొకరు కాపాడితేనే పని సాయంత్రానికి తెములుతుంది. రాత్రి అమ్మ మాట్లాడుతుంటే ల్యాప్‌టాప్ తెరవక్కర్లేదు.

రేపు ఒక్క 45 నిమిషాలు ప్రయత్నించి చూడండి. జై శ్రీకృష్ణ!